వస్తుందా, రాదా

రేపల్లె దగ్గర, మన ఊరు
ఆషాఢం, ఆదివారం

సునీలకు,

నీ వదిన రావమ్మ రాస్తున్నది. క్షేమమా అని అడగను. అడిగితే పలకరించినట్టవుతుంది. ఇక నిన్ను పలకరించనని నిరుడు మార్గశిరంలో చేలో నిలబడి, ఊరందరూ వింటుండగా అన్నాను. "ఆ పిల్లకీ నాకూ ఇక మాటల్లేవు" అన్నాను. అన్న మాట మీద నిలబడే మనిషిని నేను. కానీ రాయనని మాత్రం ఎక్కడా అనలేదు. మొన్న నారుమడి గట్టు మీద కూర్చుని బాగా గుర్తు చేసుకున్నాను. అనలేదు. అందుకని రాస్తున్నాను.

విషయం ఏమిటంటే, కాలవకు నీళ్ళు వదిలారు గానీ మనదాకా రాలేదు. పై ఊళ్ళవాళ్ళు దారిలోనే మళ్ళించుకుంటున్నారు. నారు పోసి వారం అయింది. వాన పడితే నారు బతుకుతుంది. పడకపోతే ఇంజను పెట్టి మురుగు కాలవ నీళ్ళు తోడాలి. ఆ ఇంజనూ మీ అన్నయ్యా ఒకటే, పదిసార్లు బతిమాలితే ఒకసారి కదులుతారు. కాబట్టి వాన ఎప్పుడు పడుతుందో రాయి.

ఆ సంగతి మీ అన్నయ్యకు ఫోన్‌లో చెప్పకు. ఆయన వినేది సగం, నాకొచ్చి చెప్పేది దానికి రెండింతలు. నువ్వు వాతావరణం ఆఫీసులో కూర్చుని రైతులందరి ఫోన్లకూ మెసేజులు రాసే మనిషివి. ఊరందరికీ రాసినట్టు నాకు రాయకు. నిరుడు అలాగే రాశావు, తేలికపాటి జల్లులు పడతాయి, కోతలు చేసుకోవచ్చు అని. కోశాం. కోసిన వరి పనలు పనలుగా చేలో పరిచి ఉండగా తుఫాను వచ్చి పడింది. మోకాలి లోతు నీళ్ళలో పనలు తేలాయి, తేలిన కంకుల్లోంచి మొలకలు వచ్చాయి. అది నేను మర్చిపోయాననుకోకు.

ఇట్లు,
మాట్లాడని మీ వదిన
రావమ్మ


బాపట్ల
జూలై నెలాఖరు

వదినకు నమస్కారాలు.

నీ కవరు విప్పి ఆఫీసులో అందరి ముందూ పకపకా నవ్వాను. తర్వాత బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. రెండూ నిజమే. ఇన్ని నెలలుగా నేను ఫోన్ చేస్తే నువ్వు తీసి, కిక్కురుమనకుండా తీసుకెళ్ళి అన్నయ్య చెవికి ఆనిస్తున్నావు. నాకు నీ గాజుల చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఇప్పుడు రెండు పేజీల నిండా నీ గొంతే వినిపించింది. తిట్లే అయినా సరే.

వాన సంగతి. బంగాళాఖాతంలో ఉపరితల ఆవర్తనం ఒకటి ఉంది. అది కొంచెం కిందికి వస్తే వచ్చే నాలుగు రోజుల్లో రేపల్లె వైపు ఒక మోస్తరు వాన పడుతుంది. పడే అవకాశం అరవై శాతం. నారుమడిలో నీళ్ళు పొద్దున్న పెట్టి సాయంత్రం తీసేస్తూ ఉండండి, మెత్తదనం ఉంటే చాలు.

మేం బాగానే ఉన్నాం. మా వీధిలో ఆడవాళ్ళు వడియాలు పెట్టుకోవాలన్నా, దుప్పట్లు ఉతుక్కోవాలన్నా మేడ మీదున్న నన్ను పిలిచి అడుగుతారు. ఇదివరకు టకటకా చెప్పేదాన్ని. ఇప్పుడు "ఏమోనండి, మబ్బు చూసుకుని మీరే పెట్టుకోండి" అంటున్నాను. అన్నయ్యకు మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. ఆయన నాకు చెప్పడు.

నీ
సునీల


రేపల్లె దగ్గర, మన ఊరు
శ్రావణం, మంగళవారం

సునీలకు,

వాన పడింది. మన చేలో పడలేదు. కాలవకు అవతల పడింది. మన గట్టు మీద నిలబడి, కొంగు కూడా తడవకుండా అవతలి చేలో వాన పడుతుంటే చూశాను. ఆ అరవై అవతలివాళ్ళకు ఇచ్చి, మిగతా నలభై నాకు పంచావా? శాతాలు బ్యాంకులో ఉంటాయి. చేలో వాన వస్తుంది, లేకపోతే రాదు. నాకు తెలిసినవి ఆ రెండే.

ఇంజను పెట్టాం. నాట్లు అయ్యాయి. మీ అన్నయ్య మోకాలు బాగానే ఉంది, పని చెప్పినప్పుడు మాత్రం నొప్పి పుడుతుంది.

నాట్లకు వచ్చిన ఆడవాళ్ళలో సుబ్బాయమ్మ ఉంది. మన పక్క చేను వాళ్ళదే కదా. నడుం వంచి నాటుతూనే, "ఏమే రావమ్మా, మీ ఆడబిడ్డ ఏమంటుంది? గొడుగు తెచ్చుకోనా, వద్దా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో నాలుగు అంటుంది. నిరుడు నీ మెసేజ్ నేను మన చేను వరకే చూసుకుని ఊరుకోలేదు. మా ఆడబిడ్డే రాసింది, కోసుకోండి అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. నీ గురించి చెప్పుకోవడమంటే నాకంత గొప్పగా ఉండేది. నా మాట విని కోసినవాళ్ళ పనలూ తేలాయి. ఇప్పుడు మంచినీళ్ళ పంపు దగ్గర బిందె పెట్టాలన్నా ఎవరో ఒకరు ఆకాశం వంక చూసి నా వంక చూస్తారు.

ఇంకో సంగతి. ఈ ఏడాది మెసేజులు నువ్వు రాయడం లేదు. దబాయించకు. నువ్వు రాస్తే నారుమడిలో నీళ్ళు పొద్దున్న పెట్టండి, సాయంత్రం తీయండి అని ఉంటుంది, నాకు ఉత్తరంలో రాసినట్టే. మొన్న వచ్చినదాంట్లో "నీటి యాజమాన్య పద్ధతులను పాటించవలసినదిగా సూచించడమైనది" అని ఉంది. మీ అన్నయ్య అది నాలుగుసార్లు చదివి, నీళ్ళు పెట్టమన్నారా తీయమన్నారా అని నన్నడిగాడు. ఆ మెసేజ్ ఎవరు రాస్తున్నారు? నువ్వేం చేస్తున్నావు?

ఇట్లు,
రావమ్మ


బాపట్ల
ఆగస్టు 30

వదినా,

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. వరి పిలకలు వేసే సమయం కదా, ఆకుముడత కనిపిస్తుందేమో చూసుకోండి. వానలు మామూలుగానే ఉంటాయి.

మెసేజులు ఆఫీసు మొత్తం కలిసి పంపేవి. ఎవరు రాస్తేనేం? సుబ్బాయమ్మ పిన్ని మాటలు పట్టించుకోకు.

ఈయన నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

సునీల


తెనాలి
ఆశ్వయుజం, దసరా వెళ్ళిన గురువారం

సునీలకు,

నీ ఉత్తరం చదవడానికి పట్టిన టైము కంటే కవరు చించడానికి పట్టిన టైము ఎక్కువ. అడిగినది తప్ప అన్నీ రాశావు.

పండక్కి మా చెల్లెలింటికి వచ్చాను. చేను పొట్ట మీద ఉంది, ఇవాళో రేపో కంకి బయటపడుతుంది. ఈ ఏడు వరి ఎలా ఉందనుకున్నావు? పొద్దున్నే గట్టు మీద నిలబడితే ఇంటికి రాబుద్ధి కాదు. మంచి పంట చేలో నిలబడి ఉన్నప్పుడే నాకు భయం పుడుతుంది. ఎండిన చేను చూసి ఎవరూ భయపడరు. రాత్రి పక్క మీద పడుకున్నా ఒళ్ళు నిలవడం లేదు, చెల్లెలు విసుక్కుంటోంది. ఈ ఏడూ పోతే మీ అన్నయ్య కౌలు వదిలేసి రైస్ మిల్లులో పనికి పోదామంటున్నాడు. నేను మిల్లులో తౌడు ఊడవడానికి పుట్టలేదు. ఈ పంట ఇంటికి రావాలి, అంతే.

అందుకే నిన్న చిలక జోస్యం చెప్పించుకున్నాను. నవ్వుకో. స్టేషన్ రోడ్డులో గొడుగు కింద నాగూర్ బాషా అని ఒకాయన కూర్చుంటాడు. "కూర్చో అక్కా, దేని గురించి?" అన్నాడు. వరి గురించి అన్నాను. "వరికి చెప్పనక్కా, మనిషికే చెప్తా. నీ పేరు చెప్పు" అన్నాడు. చిలక బయటికొచ్చి అటూ ఇటూ నడిచి కార్డు తీసింది. ఇంటి మనిషి వల్లే నష్టం, ఇంటి మనిషి వల్లే లాభం అని వచ్చింది. అది ఎవరికి చెప్పినా సరిపోతుంది, నాకా మాత్రం తెలుసు. అయినా నువ్వే గుర్తొచ్చావు.

ఇంతలో ఆయన "ఒక్క నిమిషం అక్కా" అని జేబులోంచి ఫోన్ తీసి వాన వస్తుందా అని చూసుకున్నాడు. చూసి గబగబా కార్డులు సర్దేశాడు.

"అదేంటయ్యా, చిలకనే అడగొచ్చుగా?" అన్నాను.

"తడిస్తే దానికే జబ్బు చేసేదక్కా. దాన్నడిగి దాన్నే తడుపుతామా?" అన్నాడు.

పంజరం పట్టుకుని కొట్టు అరుగు మీదికెక్కి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. చుక్క రాలలేదు. నేను నవ్వితే ఆయనా నవ్వి, "రాకపోతే మంచిదేగా" అని దిగి మళ్ళీ గొడుగు తెరిచాడు. లెక్క తప్పినందుకు ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

వాయిదాలు వేయకుండా చెప్పు. మెసేజులు ఎందుకు రాయడం లేదు?

రావమ్మ


బాపట్ల
అక్టోబరు నెలాఖరు

వదినా,

సరే, విను. సంక్రాంతి వెళ్ళగానే అడిగి ఆ సీటు మార్పించుకున్నాను. ఇప్పుడు వెనక గదిలో పాత వానల లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించే పని. అవి ఎప్పుడో పడిపోయిన వానలు. వాటి విషయంలో ఎవరూ తప్పు పట్టలేరు.

ఈయన కూడా మంచి పని చేశావన్నారు. ఇంటికొస్తే తలనొప్పి ఉండదు కదా అన్నారు. తలనొప్పి పోలేదు. సీటు మారింది గానీ నేను మారలేదు. సముద్రం వైపు మబ్బు కనిపిస్తే చేతిలో పని వదిలేసి మేడ ఎక్కుతున్నాను. కూర పొయ్యి మీద మాడుతున్నా తెలియడం లేదు. సూర్యలంక వైపు గాలి తిరిగితే చాలు, కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. నా చోట కూర్చున్న కొత్తాయన బాగా చదువుకున్నవాడు, తెలివైనవాడు. ఆయన రాసే తెలుగు నీకు నచ్చదు, నాకూ నచ్చదు. కానీ ఆయన ధైర్యంగా రాస్తాడు. నేను ఆ సీటు వైపు పోకుండా చుట్టూ తిరిగి నా గదికి వెళ్తున్నాను.

ఆ తుఫాను ఒడిశా వైపు పోతుందని అన్ని లెక్కలూ చెప్పాయి. ఒక్క పూటలో ఇటు తిరిగింది. ఇది నీకు సంజాయిషీగా రాయడం లేదు. రైతులు మమ్మల్ని అడిగేది రేపటి సంగతి. మా దగ్గరుండేది ఇవాళ్టి గాలి, ఇవాళ్టి మబ్బు. ఆ మధ్యలో దూకాలి. ఒకసారి దూకి నీ పంట మీద పడ్డాను. మళ్ళీ దూకమని నన్ను అడగకు. ఫోన్‌కు వచ్చే మెసేజ్ చదువుకో, అర్థం కాకపోతే మండల ఆఫీసులో అడుగు. నన్ను మాత్రం అడగకు.

సునీల


రేపల్లె దగ్గర, మన ఊరు
కార్తీకం, పున్నమి వెళ్ళాక

సునీలా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు బాపట్ల వస్తున్న ప్రకాశరావు మాస్టారి చేతికిస్తున్నాను. సాయంత్రం ఆయన తిరిగొచ్చేటప్పుడు జవాబు ఆయన చేతికే ఇవ్వు.

మీ అన్నయ్య కొంప ముంచాడు. క్యాలెండర్‌లో రోహిణి కనబడిందట, మంచి రోజట. నేను రేపల్లె వెళ్ళిన సమయం చూసి చేలో మినుములు చల్లేశాడు. ఆఫీసు కుర్చీలో కూర్చుని మర్చిపోయావేమో, గుర్తు చేస్తాను. మన వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి నిలబడి ఉండగానే మినుములు చల్లుతాం. చల్లాక ఇక వరి కోయాల్సిందే. ఆలస్యమైతే ఆ నీడలో మొలక తీగలా సాగి పడిపోతుంది, కోసేవాళ్ళ కాళ్ళ కింద నలుగుతుంది. ఇప్పుడు వరి పండింది, కింద మినుము మొలకెత్తుతోంది. మిషన్ పెట్టి కోయిద్దామంటే మన పల్లపు చేలో దిగబడుతుంది, గేదెలకు గడ్డి దక్కదు. కొడవలి కోతే. కోశాక పనలు నాలుగు రోజులైనా ఎండాలి.

ఇంతలో సముద్రంలో ఏదో పుట్టిందని టీవీలో అరుస్తున్నారు. ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. "రైతులు తగు జాగ్రత్తలు తీసుకోవలసినది" అట. ఆ తగు జాగ్రత్త ఏమిటో చెప్పి చావరు. సుబ్బాయమ్మ వాళ్ళు కూలీలను మాట్లాడేసుకున్నారు, రేపటి నుంచి కోస్తున్నారు. మీ అన్నయ్య ఇంట్లోంచి చేలోకి, చేలోంచి ఇంట్లోకి తిరుగుతున్నాడు. ఆయన ముఖం చూస్తే తిట్టడానికి కూడా మనసు రావడం లేదు.

నన్ను అడగకు అని రాశావు. అడుగుతున్నాను. నాకు నీ మీద కోపం ఎందుకో నీకు ఇంతవరకూ తెలియదు. వాన తప్పు చెప్పినందుకు అనుకుంటున్నావు. వాన విషయం తప్పనివాడెవడు? మా నాన్న తప్పాడు, మీ అన్నయ్య రోజూ తప్పుతాడు. పంట మునిగాక నువ్వు రాలేదు. బాపట్ల నుంచి మన ఊరికి ఒక పూట ప్రయాణం. నేను ఆ నీళ్ళలో దిగి పనలు ఏరుకుంటూ, బస్సు హారన్ వినబడ్డప్పుడల్లా రోడ్డు వైపు చూశాను. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు, ఫోటోలు తీసుకునేవాళ్ళు అందరూ వచ్చారు. నా ఆడబిడ్డ రాలేదు. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చేనాటికి నువ్వు ఇంకా స్కూలుకు పోతున్నావు. నీకు జడలు వేసిన చేతులతో ఆ మొలకల కంకులు ఏరుకున్నాను. అదీ నా కోపం. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

ఇప్పుడు చెప్పు. కోయనా, వద్దా? శాతాలు రాయకు. ఒక్క మాట రాయి.

రావమ్మ


బాపట్ల
మాస్టారు వచ్చిన రోజు, మధ్యాహ్నం

వదినా,

మాస్టారు బయట బెంచీ మీద కూర్చున్నారు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగా రాకపోతే ఏమీ అనుకోకు.

రాలేదు, నిజమే. రాకపోవడానికి నేను అప్పట్లో అనుకున్న కారణాలు ఏవీ నీ ఉత్తరం చదివాక రాసేటట్టు లేవు.

నీ కవరు విప్పాక లేచి కొత్తాయన సీటు దగ్గరికి వెళ్ళాను. ఈ ఏడాదిలో ఇదే మొదటిసారి. మ్యాపులన్నీ తెరిపించాను. ఒక లెక్క ప్రకారం అది నిజాంపట్నం పక్కనే తీరం దాటుతుంది. ఇంకో లెక్క ప్రకారం తమిళనాడు వైపు పోతుంది. "మీరేమంటారండీ?" అని ఆయన నన్నే అడిగాడు. గాలి ఈశాన్యం నుంచి బిగుస్తోంది, సముద్రం వేడిగా ఉంది. నాకు ఇటే వచ్చేటట్టు అనిపిస్తోంది.

శాతాలు వద్దన్నావు. రాయను. కొయ్యొద్దు.

నిలబడ్డ వరి పడిపోయినా లేపి కట్టుకోవచ్చు, కొంతైనా చేతికొస్తుంది. కోసి పరిచినది నీళ్ళలో పడితే ఏమీ మిగలదు. మినుములు పోతే పోనీ. సుబ్బాయమ్మ పిన్నికి కూడా చెప్పు. వింటే వింటుంది.

సెలవు పెట్టేశాను. రేపు పొద్దున్న రైలెక్కి, తెనాలిలో మారి రేపల్లెలో దిగుతాను. నువ్వు మాట్లాడకపోయినా సరే. తుఫాను వచ్చినా రాకపోయినా, కోత అయ్యేదాకా నీ గట్టు మీదే ఉంటాను.

సునీల


రేపల్లె దగ్గర, మన ఊరు
మార్గశిరం, ఆదివారం

సునీలా,

నువ్వు క్షేమంగా చేరావని ఫోన్‌లో చెప్పావు. మాట్లాడుకుంటున్నాం కదా, ఇంకా ఉత్తరం ఎందుకంటావేమో. పొద్దున ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నేను ఒకటంటే నువ్వు మధ్యలో రెండంటావని పెట్టేశాను. ఉత్తరమైతే చివరిదాకా చదివితే గానీ ఎదురు చెప్పలేవు.

నువ్వొచ్చిన రోజు నిన్ను పలకరించకూడదనే పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. నువ్వేమో చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వదిలి చేలోకి దిగావు. "అటు కాదే, మినుములు తొక్కుతున్నావ్!" అని అరిచాను. ఏడాది పాటు పట్టిన పంతం రెండు మినుము మొలకల కోసం పోయింది. మీ అన్నయ్య వెనక్కి తిరిగి నవ్వుకోవడం నేను చూశాను.

ఆ తర్వాతి రోజులు నాకు నిరుటి కంటే కష్టంగా గడిచాయి. నిరుడు తుఫాను వచ్చింది, పోయింది. ఈసారి రాలేదు. మబ్బు పట్టడం, గాలి విసరడం, మళ్ళీ తెరిపివ్వడం. నువ్వు ముద్ద నోట్లో పెట్టుకుని కూడా ఆకాశం వంకే చూసేదానివి. పక్క చేలో సుబ్బాయమ్మ వాళ్ళ పనలు పెళపెళలాడుతూ ఎండుతుంటే మన వరి అలా నిలబడే ఉంది. చివరికి అది తమిళనాడు వైపు పోయిందని టీవీలో చెప్పారు. సుబ్బాయమ్మ వాళ్ళు పొడి వరి కుప్ప వేసుకున్నారు. మన చేలో గింజ రాలింది, మినుము తీగలు సాగి పాలిపోయింది. నువ్వు మళ్ళీ తప్పావు, ఈసారి అటు నుంచి తప్పావు.

ఆ పొద్దున ఎండ ఫెళ్ళున కాస్తుంటే గట్టు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నావు. నేను నీ దగ్గరికి రాలేదు. నాకూ ఒళ్ళు మండిపోతోంది, ఎందుకు దాచాలి? గట్టు ఆ చివర నిలబడి నిన్ను మనసులో తిట్టుకున్నాను. తిట్టుకుంటూ ఉండగానే నువ్వు లేచి, మీ అన్నయ్య చేతిలో కొడవలి తీసుకుని చేలోకి దిగావు. కొడవలి పట్టుకోవడం మర్చిపోయావు. మధ్యాహ్నానికి వేలు కోసుకున్నావు, గుడ్డ చుట్టుకుని మళ్ళీ కోశావు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. పంట సగం పోయినా ఏడవని దాన్ని, వరి మధ్యలో కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఇంత తప్పి కూడా ఈ పిల్ల ఇక్కడే ఉంది కదా అని.

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో విను. నిన్న పంపు దగ్గర సుబ్బాయమ్మ ఆపింది. ఏమంటుందో అని బిందె చంకనెత్తుకుని సిద్ధంగా నిలబడ్డాను. "మీ సునీల మళ్ళీ ఎప్పుడొస్తుందే? మినుములకు ఇంకో తడి పడుతుందేమో అడుగుదామనుకున్నా" అంది. ఆట పట్టిస్తోందనుకున్నాను. కాదు. నిజంగానే అడిగింది. రెండుసార్లు తప్పినదాన్ని మళ్ళీ ఎందుకడుగుతున్నావే అన్నాను. "మరింకెవర్నడగను? ఆ ఫోన్‌లో వచ్చేది మనకర్థమవుద్దా? అది తప్పితే ఎవర్ని తిట్టాలో కూడా తెలీదు. ఈ పిల్లయితే వచ్చి నిలబడింది" అంది. అని నీళ్ళు పట్టుకుని తన దారిన పోయింది.

అందుకని రాస్తున్నాను. ఆ పాత వానల గదిలోంచి బయటికి రా. మెసేజ్ నువ్వే రాయి. తప్పకుండా రాయమని అడగడం లేదు. తప్పని మనిషి ఎవరూ లేరని ఈ చేలో పుట్టినవాళ్ళందరికీ తెలుసు. నీ మాటల్లో రాయి.

మన పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. పచ్చి ఇంకా పోలేదు. మిగిలిన సగమూ ఇంటికొస్తే మీ అన్నయ్య నోట మిల్లు మాట రాదు. మళ్ళీ ఏదో మబ్బు పుట్టిందంటున్నారు. ఇంట్లో కూర్చోలేను, చేలో నిలబడలేను. ఈ ఉత్తరమూ రేపు మాస్టారి చేతికే ఇచ్చి పంపుతున్నాను. మంగళవారం మెసేజ్ వచ్చే వేళకు ఫోన్ దగ్గరే ఉంటాను.

మీ వదిన
రావమ్మ


బాపట్ల
మంగళవారం

రేపల్లె వైపు రైతులకు,

శ్రీలంక దగ్గర మరో అల్పపీడనం పుట్టింది. గురువారం, శుక్రవారం మీ వైపు గట్టి వాన పడేటట్టు కనిపిస్తోంది. దారి మార్చుకుని రాకుండా పోనూ వచ్చు. పోయినసారి అలాగే పోయింది.

ఇంకా కోయనివాళ్ళు శనివారం దాకా కొడవలి పట్టకండి. పనలు చేలో ఉన్నవాళ్ళు పూర్తిగా ఎండేదాకా ఆగొద్దు. రేపు సాయంత్రంలోగా కట్టలు కట్టి మెరక మీద కుప్ప వేసి, పట్టా కప్పండి. పచ్చి ఉంటే ఎండ వచ్చాక విప్పి ఆరబెట్టుకోవచ్చు. మినుము చేలల్లో నీళ్ళు నిలవకుండా ఇప్పుడే బోదెలు తీయండి.

ఆఫీసు మెసేజుల కింద పేరు రాసే అలవాటు లేదు. ఇది మాత్రం నేను రాశాను. రేపు పొద్దున మా వదిన రావమ్మ గారి చేలో కట్టలు కట్టడానికి నేనూ వస్తున్నాను. వాన రాకపోతే, నన్ను ఏమైనా అనాలనుకున్నవాళ్ళు శనివారం అక్కడికే రండి.

సునీల